సెల్లోంచి విన్న నాటకం

రిక్ క్లూచీకి తన సెల్లోంచి హాలు కనబడదు. యావజ్జీవ ఖైదీ. ఆ రాత్రి అతన్ని బయటికి రానివ్వలేదు. లౌడ్‌స్పీకర్‌లో వచ్చే మాటలే దిక్కు.

1957 నవంబర్ 19. కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైలు. హాల్లో దాదాపు 1400 మంది ఖైదీలు. 1913లో నటి సారా బెర్నార్డ్ వచ్చి ఆడాక ఆ గోడల మధ్య మళ్లీ నాటకమన్నది లేదు. ఇవాళ ఆడబోయేది శామ్యూల్ బెకెట్ 'వెయిటింగ్ ఫర్ గోడో'. అంతకు ముందు ఏడాది మయామీలో టికెట్టు కొనుక్కున్న పెద్దమనుషులే మధ్యలో లేచిపోయిన నాటకం. ఆడపాత్ర ఒక్కటీ లేదన్నదే దీన్ని ఎంచుకోవడానికి ముఖ్య కారణం.

దర్శకుడు హెర్బర్ట్ బ్లౌ బెరుకుగానే ముందుకొచ్చాడు. జాజ్ సంగీతం విన్నట్టు వినండి, ఎవరికి దొరికింది వాళ్లు తీసుకోండి అన్నాడు.

ఒక చెట్టు. గోడో అనే మనిషి కోసం ఎదురుచూసే ఇద్దరు దేశదిమ్మరులు. కండలు తిరిగిన ముగ్గురు ఖైదీలు అమ్మాయిలేరీ అని గొణిగారు, దీపాలు తగ్గగానే జారుకుందామనుకున్నారు. రెండు నిమిషాలు ఎక్కువ చూశారు. అంతే, ఇక కదల్లేదు.

కుర్రవాడొచ్చి గోడో గారు ఈ రోజు రారు, రేపు తప్పకుండా వస్తారంటాడు. మర్నాడూ అదే కబురు. ఆ 'రేపు' ఎలాంటిదో పెరోల్ కోసం ఏళ్లు లెక్కపెట్టుకునేవాళ్లకు విడమరచి చెప్పాలా?

ఈ నాటకాన్ని పాఠంగా చదివేవాళ్లను గోడో ఎవరన్న ప్రశ్నే తినేస్తుంది. దేవుడని కొందరు, చావని కొందరు రాస్తారు. తెలిస్తే నాటకంలోనే చెప్పేవాణ్ణన్నాడు బెకెట్. ఆ జైల్లో ఒక ఖైదీ గోడో అంటే సమాజం అన్నాడు, మరొకడు బయటి లోకం అన్నాడు. నాకైతే ఈ జవాబులే దగ్గరగా తోస్తాయి. రాని మనిషి కోసం వెతక్కుండా, కూర్చున్న మనుషుల్ని చూసి చెప్పిన జవాబులవి.

క్లూచీకి చెట్టూ కనబడలేదు, ముఖాలూ కనబడలేదు. మాటలు, మాటల నడుమ మౌనం. బెకెట్‌లో సగం మౌనమే కదా! తర్వాత తోటి ఖైదీలతో నాటక బృందం కట్టాడు. ఒకప్పటి ఉరికంబం గదే వాళ్ల రంగస్థలం.

1966లో గవర్నర్ శిక్ష తగ్గించాక క్లూచీ విడుదలయ్యాడు. 1977లో బెర్లిన్‌లో బెకెట్ స్వయంగా 'క్రాప్స్ లాస్ట్ టేప్' ఆడించినప్పుడు, క్రాప్ వేషం అతనిదే.