పైథాన్ సారథ్య మండలి: సభ్యుల ఎన్నిక

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఏ మార్పును ఆమోదించాలి, దేనిని తోసిపుచ్చాలి అన్న తుది నిర్ణయం దాదాపు మూడు దశాబ్దాల పాటు దాని సృష్టికర్త గిడో వాన్ రోసమ్ ఒక్కరిదే. విలువలను కేటాయించే ఒక కొత్త గుర్తుపై చెలరేగిన వివాదంతో విసిగి 2018 జూలైలో ఆయన తప్పుకున్నారు. వారసుణ్ణి ప్రకటించలేదు.

భాషను తీర్చిదిద్దే కోర్ డెవలపర్లు పలు ప్రతిపాదనలు పరిశీలించి, అదే ఏడాది డిసెంబరులో ఐదుగురు సభ్యుల మండలి విధానాన్ని ఎంచుకున్నారు. ఓటు హక్కు వారిదే. వారిలో ఒకరు పేరు ప్రతిపాదిస్తే బయటివారూ పోటీ చేయవచ్చు. భాష కొత్త వెర్షన్ వెలువడ్డాక మండలికి మళ్లీ ఎన్నిక జరుగుతుంది.

ఒకే సంస్థ ఉద్యోగులు మండలిలో ఇద్దరికి మించరాదన్నది అన్నిటికంటే కీలకమైన నిబంధన. ఈ నిపుణుల్లో పలువురికి జీతమిచ్చేది పెద్ద సాంకేతిక సంస్థలే. ఆ హద్దు లేకుంటే, ఎన్నిక ఎంత సక్రమంగా జరిగినా, ఆధిక్యం ఒకే సంస్థ చేతికి చిక్కవచ్చు. గెలిచాక ఉద్యోగం మారడం వల్ల హద్దు దాటినా, అదనపు సభ్యులు వెంటనే రాజీనామా చేయాలి. మూడింట రెండు వంతుల ఓట్లతో ఒక సభ్యుణ్ణి గాని, మొత్తం మండలిని గాని తొలగించవచ్చు.

2019లో ఏర్పడిన తొలి మండలికి వాన్ రోసమ్ కూడా ఎన్నికయ్యారు, ఐదుగురిలో ఒకరిగా. తరువాతి ఎన్నికలో పోటీ నుంచి ఆయన వైదొలిగారు.