డేరాలో లోకము

1895 డిసెంబరు 28న పారిస్ నగరమున ల్యూమియేర్ సోదరులు చూపిన బొమ్మలు ఒక్కొక్కటి నిమిషమునకు మించవు. పనివారు కార్ఖానా వెడలుటయే అచట వింత! 1896 జూలై 7న వారి బొమ్మలు బొంబాయి చేరెను.

1905లో తిరుచిరాపల్లి రైల్వే ఉద్యోగి స్వామికణ్ణు విన్సెంటు యంత్రమును కొని, డేరాలు వేసి ఊరూర చూపెను. 1910లో, బందరున జన్మించిన రఘుపతి వెంకయ్యగారు క్రోనోమెగాఫోనును తెప్పించి, గ్రామఫోను పలకతో జతగూర్చిన చిన్న చిత్రములను చెన్నపట్టణమున ప్రదర్శించిరి. మరుసటి యేడే ఆ చెన్నరాజధానిలో మన చిత్తూరు జిల్లా యేర్పడెను.

తిరుపతికి లోకము నడచి వచ్చును. ఈ యంత్రము లోకమునే జనుల ముంగిటికి మోసికొనిపోయెను.

ఆ నైట్రేటు ఫిల్ములు సులభముగ అంటుకొనునవి; పెక్కు నశించెను. వెంకయ్యగారు 1941లో గతించిరి. పెద్దలారా, మీ తాతలు చెప్పిన డేరా కథలున్నచో మనుమలచేత వ్రాయింపుడు. దూరదేశపు మనుజుడును మనవలెనే పనిచేసి యింటికి మరలుననుటయే, నా దృష్టిలో, అన్నిటికంటె గొప్ప వింత.