తొమ్మిది మీటల తాళం

భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు గేటు పాసు సంగతి చెప్పనక్కరలేదు. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఆ ఉక్కు కర్మాగారంలో, గేటు దాటే పాసు ఉన్నంత మాత్రాన ఫర్నేస్ మీటలు తిప్పే అధికారం రాదు. లినక్స్ సర్వర్‌లో ఫైళ్లకు ఇచ్చే అనుమతులదీ ఇదే సూత్రం. ఇది ఎలా వచ్చిందో చూద్దామా?

1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బాటో బృందం, ఒకే కంప్యూటర్‌ను పలువురు ఏకకాలంలో వాడుకునే సి.టి.ఎస్.ఎస్. వ్యవస్థను ప్రదర్శించింది. అందరి ఫైళ్లూ ఒకేచోట ఉంటే చిక్కులూ తప్పవు కదా! ఆ దశకంలోనే ఒక మధ్యాహ్నం, కంప్యూటర్‌లోకి ప్రవేశించిన ప్రతివారికీ రోజువారీ సందేశానికి బదులు అందరి పాస్‌వర్డ్‌ల జాబితా కనిపించింది. ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి చెరొక ఫైలు దిద్దుతున్నారు. ఎడిటర్ ఇద్దరికీ ఒకే పేరుతో తాత్కాలిక ఫైలు వాడడంతో రెండూ తారుమారయ్యాయి. ఇందులో దొంగ ఎవరూ లేరు. ఉన్నది పొరపాటే. కనుక హద్దులు దొంగల కోసమే కాదు, మంచివారి పొరపాట్ల కోసం కూడా.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రూపొందించిన యునిక్స్‌కు 1971 నవంబరులో వెలువడిన తొలి మాన్యువల్‌లోనే అనుమతులు మార్చే 'సీహెచ్‌మాడ్' ఆదేశం ఉంది. అప్పట్లో యజమాని, ఇతరులు అనే రెండే వర్గాలు. 'గ్రూపు' తరువాత చేరింది. మూడు వర్గాలు, ఒక్కొక్కరికి మూడు అనుమతులు: మొత్తం తొమ్మిది మీటలు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ ఈ పద్ధతినే అనుసరించింది.

లెక్క సులువే. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఫైలుకు 640 అంటే యజమాని చదవవచ్చు, రాయవచ్చు, గ్రూపు చదవవచ్చు, ఇతరులకు ఏమీ లేదు.

ఫోల్డరు విషయంలో అర్థం మారుతుంది. 4 అంటే లోపలి పేర్ల జాబితా చూడడం. 1 అంటే గుమ్మం దాటడం. 2 అంటే, 1 కూడా తోడుంటే, ఫైళ్లను చేర్చడం, తొలగించడం. అందువల్ల మీరు తెరిచి చదవలేని ఫైలును కూడా, ఫోల్డరులో ఈ అధికారం ఉంటే, మామూలుగా తొలగించగలరు!

'అనుమతి లేదు' అని సర్వర్ చెప్పగానే కొందరు 777 ఇచ్చేస్తారు. పని జరుగుతుంది. కాని సర్వర్‌లో ఖాతా ఉన్న ప్రతివారికీ, అక్కడ నడిచే ప్రతి ప్రోగ్రాముకూ ఆ ఫైలును మార్చే అధికారం వస్తుంది. ఎవరికి ఎంత అవసరమో అంతే ఇవ్వండి.

ఇప్పుడు చెప్పండి: ఫోల్డరుకు 750 ఇస్తే గ్రూపులోనివారు ఏం చేయగలరు, ఏం చేయలేరు?