పట్నం పోవడానికో బహానా

మా ఉప్పల్ హైదరాబాద్‌లో కలిసి చాలా ఏళ్లయింది. 2007 ఏప్రిల్‌లో ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీని మరో పదకొండు మున్సిపాలిటీలతో పాటు జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. కాగితాల మీద మేమూ షహర్‌వాళ్లమే. అయినా ఇవాళ్టికీ మా మొహల్లాలో యాభై దాటినవాళ్లు కోఠీకి బయల్దేరితే "పట్నం పోతున్న" అనే అంటారు. మా అబ్బా అయితే "షహర్ కూ జారూఁ" అనేవారు. నాచారంలో నలభై ఏళ్లు ఉన్నా ఆయన నోట ఆ మాట మారలేదు.

ఉప్పల్ పేరు వెనకున్న 'కలాన్' ఫార్సీ మాట. పెద్దది అని అర్థం. చిన్నదైతే 'ఖుర్ద్'. పాత జమానాలో రెవెన్యూ దఫ్తర్‌వాళ్లు ఊళ్ల పేర్లకు తగిలించిన గుర్తులివి. అలా మాది పేరుకు పెద్ద ఊరే. కానీ బజార్, రోనక్, సినిమా, చూడీలు, కొత్త బట్టల వాసన, ఇవన్నీ ఓ బస్సు దూరంలో ఉండేవి.

అమెరికావాళ్లు అలాంటి చోటును డౌన్‌టౌన్ అంటారు. మన హైదరాబాద్‌లో దానికి ఒక్క పేరంటూ లేదు. ఎందుకంటే అది ఒక్కచోట నిలబడలేదు. లాడ్ బజార్, పత్తర్‌గట్టిల నుంచి మూసీ దాటి సుల్తాన్ బజార్‌కి, ఆబిడ్స్‌కి, ఇప్పుడు ఇంకా పడమటికి జరుగుతూ పోయింది. ఈ తారీఖ్‌ను బాద్షాల పేర్లతో, ఇమారత్‌ల పేర్లతో చాలామంది రాశారు. నాకు మాత్రం మియాబీవీల వైపు నుంచి చెప్పాలనిపిస్తోంది. ఈ షహర్‌లో పెళ్లయిన జంటలకు కాస్త తన్హాయీ దొరికింది ఆ బజార్లలోనే అని నా నమ్మకం.

ఎందుకంటే చెప్తాను.

నాచారం, ఉప్పల్, మల్లాపూర్‌లలో కార్ఖానాలు పెరిగాక జిల్లాల నుంచి పనికొచ్చినవాళ్లు ఇక్కడే గదులు కిరాయికి తీసుకున్నారు. మా అబ్బా కూడా అలా వచ్చినవారే. రెండు గదులు, ఎనిమిది మంది. దాదీ, ఇద్దరు చిన్నాన్నలు, పెళ్లి కావలసిన ఫుప్పూ, పిల్లలం. పగలు అబ్బా షిఫ్టులో, రాత్రి అందరూ వరసగా పరుచుకుని పడుకునే ఇంట్లో, మియాబీవీ నాలుగు మాటలు మాట్లాడుకోవాలంటే ఎక్కడ కుదురుతుంది? దాదీ పాన్‌దాన్ ముందు పెట్టుకుని నడింట్లో కూర్చునేది. ఆమె చెవికి అందకుండా ఆ ఇంట్లో చెంచా కూడా కింద పడేది కాదు.

అందుకే అమ్మీకి నెలకోసారి బ్లౌజ్ గుడ్డ మ్యాచింగ్ దొరికేది కాదు. నాచారంలో చూసింది, హబ్సిగూడలో చూసింది, లేదట. సుల్తాన్ బజార్ పోవాల్సిందే. దాదీకి ఆ మ్యాచింగ్ సంగతి తెలియక కాదు. "జా, జల్దీ ఆ" అనేది. దాదీ కూడా ఒకప్పుడు బహూనే కదా!

బస్సులో ముందు సీట్లు ఆడవాళ్లవి, వెనకవి మగవాళ్లవి. ఒకే టికెట్టు దూరం ఇద్దరూ విడివిడిగా వెళ్లేవారు. కోఠీలో దిగాకే మాటలు మొదలయ్యేవి. అమ్మీ బురఖాలో, అబ్బా ఇస్త్రీ చొక్కాలో. తెలిసినవాళ్లెవరూ లేని ఆ భీడ్‌లో వాళ్లిద్దరూ పక్కపక్కన నడిచేవారు. మా గల్లీలో అయితే అబ్బా నాలుగడుగులు ముందుండేవారు. నన్ను కూడా తీసుకెళ్లిన రోజుల్లో చూశాను గనక చెప్తున్నా, ఇంట్లో ఎప్పుడూ వినని నవ్వు అమ్మీ అక్కడ నవ్వేది.

ఇది మా ఇంటి ముచ్చటే కాదు. చూడబోతే ఈ షహర్‌లో ప్రతి బజార్ పుట్టుకలోనూ ఓ పెళ్లి కిస్సా ఉంది.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించి కొత్త షహర్ మొదలుపెట్టినప్పుడు నాలుగు దిక్కులా నాలుగు బాటలు వేయించాడు. పడమటి బాటలో లాడ్ బజార్ వెలిసింది. లక్కతో చేసిన గాజుల మీద అద్దపు తునకలు, రాళ్లు పొదిగే పని అక్కడి కుటుంబాలది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. 'లాడ్' అంటే లాడ్‌ప్యార్‌లోని లాడ్, గారాబం అని కొందరంటారు. లక్క నుంచే ఆ పేరు వచ్చిందని మరికొందరు. రెండూ నాకిష్టమే. నికా కుదిరితే మావాళ్లు, లగ్గం పెట్టుకుంటే తెలంగాణ జిల్లాల హిందువులు, అందరూ ఆ గల్లీలో చేతులు చాపి గాజులు తొడిగించుకున్నవాళ్లే.

పత్తర్‌గట్టి కథ వేరు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీలను తీసి రోడ్లు వెడల్పు చేశారు. చార్మినార్‌కు పోయే దారిలో రాతి కమాన్‌లతో, పైన మేడలు, కింద దుకాణాలతో పత్తర్‌గట్టి లేచింది. ఆ కమాన్‌ల కింద నడిచి చూడండి. ఎండ పడదు. ఇద్దరు మనుషులు భుజం భుజం కలిపి నడిచేంత వెడల్పు. పక్కన దుకాణంలో ఏం కొనాలన్న ఫికర్ లేకుండా ఊరికే చూస్తూ పోవచ్చు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ కూడా అలా మనుషులు నిలబడి మాట్లాడుకునే వీలుతో కట్టిందే. అక్కడ ఐస్‌క్రీమ్ తిన్న జంటల లెక్క ఎవరూ తీయలేదు గానీ, తీస్తే అది ఈ షహర్‌కు ఇంకో జనాభా లెక్క అవుతుంది.

ఇక కోఠీ. కోఠీ అంటే బ్రిటిష్ రెసిడెన్సీ. 1798 నుంచి 1805 దాకా ఇక్కడ రెసిడెంట్‌గా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, హైదరాబాద్ ఉమరా కుటుంబపు అమ్మాయి ఖైరున్నిసాను పెళ్లాడాడు. విలియం డాల్రింపుల్ 'వైట్ ముఘల్స్' రాశాక ఈ కిస్సా దునియాకు తెలిసింది. ఆ పెద్ద స్తంభాల హవేలీ వెనక ఆమె కోసం జనానా కట్టించాడు. పర్దాలో ఉండే బేగం ముందుకొచ్చి హవేలీ ముఖద్వారం చూడలేదు కాబట్టి, ఆ ఇంటికి చిన్న నమూనా చేయించి జనానా తోటలో పెట్టించాడని చెప్తారు. రంగ్ మహల్ కూలిపోయింది. ఆ బొమ్మ ఇల్లు మాత్రం మిగిలింది. షౌహర్ తన బీవీకి బయటి దునియాను చూపించాలనుకున్న ఖ్వాహిష్ అది. మా అబ్బా బస్సు టికెట్టు కొని చేసిన పనే ఆయన సున్నంతో, ఇటుకతో చేశాడు.

ఆ రెసిడెన్సీ చుట్టూ పెరిగినవే రెసిడెన్సీ బజార్లు. బ్రిటిష్ కానూన్ కింద ఉన్నాయని సాహుకార్లు అక్కడ దుకాణాలు పెట్టారు. 1933లో వాటిని తిరిగి నిజాం హుకూమత్‌కు అప్పగించాక సుల్తాన్ బజార్ అయింది. రెసిడెన్సీలో ఆడపిల్లల కాలేజీ వచ్చింది. ఇప్పుడు అదే చాకలి ఐలమ్మ పేరు మీద మహిళా యూనివర్సిటీ. చదువుకునే ఆడపిల్లలు, కొనుక్కునే ఆడవాళ్లు ఒకే రోడ్డు మీద నడిచారు కాబట్టే కోఠీ ఆడవాళ్ల బజార్ అయింది. ఒకే గుడ్డల దుకాణం ముందు బొట్టు పెట్టుకున్న అక్కా, నఖాబ్ పైకెత్తిన ఆపా కలిసి బేరమాడి సేటును ఓడించడం అక్కడ చాలాసార్లు చూశాను.

ఆబిడ్స్‌కు పేరిచ్చింది ఆల్బర్ట్ ఆబిడ్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర బట్టలు చూసే నౌకర్, ఆర్మీనియన్ యూదుడు. దుకాణం పెట్టాడు, మొహల్లాకే పేరైపోయాడు. తర్వాత అక్కడ జమర్రుద్ మహల్, ప్యాలెస్ టాకీసులు, ఓరియంట్ హోటల్. మఖ్దూం మొహియుద్దీన్‌లాంటి షాయర్లు కూర్చున్న ఓరియంట్‌లో మా అబ్బాలాంటివాళ్లు చాయ్ తాగే హిమ్మత్ చేసేవారు కాదు. వాళ్లది ఇరానీ హోటల్లోని ఫ్యామిలీ గది, ఉస్మానియా బిస్కెట్టు, ఒక చాయ్ రెండు సాసర్లలో.

సినిమాతో మాకో తమాషా సంబంధం ఉంది. ఎన్టీఆర్ 1976లో మా నాచారంలోనే రామకృష్ణ స్టూడియో పెట్టారు. ఆయన థియేటర్ రామకృష్ణ 70 ఎంఎం ఆబిడ్స్‌లో. గోడ అవతల షూటింగ్, చూడాలంటే పట్నం పోవాలి. తార్నాకలో ఆరాధన, నాచారంలో వైజయంతి ఉన్నా మియాబీవీలు ఆబిడ్సే పోయేవారు. దగ్గర టాకీసులో పక్క సీట్లో మామూజాన్ తగిలితే ఇక సినిమా ఏం చూస్తారు!

అన్నిటికంటే పెద్ద బహానా నుమాయిష్. 1938లో ఉస్మానియా యూనివర్సిటీ గ్రాడ్యుయేట్లు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన ఈ మేళా 1946లో నాంపల్లి మైదానానికి మారింది. జనవరి ఒకటి నుంచి నెలన్నర. కశ్మీరీ శాలువాలు, లక్నో చికన్ కుర్తాలు, మిర్చీ బజ్జీ. కొత్త జంటలను ఏ సాస్ కూడా నుమాయిష్‌కు పోవద్దని ఆపేది కాదు. ఆపితే పరువు పోతుంది.

అయితే ఎప్పుడూ మేమే పట్నం పోలేదు. షహరే మా వైపు నడిచొచ్చిన రోజులూ ఉన్నాయి. నాచారానికి ఉత్తరంగా కనిపించే మౌలాలీ గుట్ట మీద దర్గా ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటిది. రజబ్ నెలలో అక్కడ ఉర్సు జరిగితే ఆసఫ్‌జాహీ జమానాలో ఉమరా అంతా డేరాలతో తరలొచ్చేవారు. ఉర్దూ షాయరీ దీవాన్ వెలువరించిన మహ్ లఖా బాయీ చందా 1824లో కన్నుమూశాక ఆ గుట్ట కిందే ఖబర్‌లో పడుకుంది. ఆ రోజుల్లో మా తూర్పు దిక్కే షహర్‌కు సైర్ చేసే చోటు.

మరి ఆ పట్నం ఎప్పుడు దూరమైంది? విచిత్రం చూడండి, మమ్మల్ని షహర్‌లో కలిపిన 2007లోనే మేం షహర్‌కు పోవడం తగ్గించాం. మే 18న మక్కా మసీదులో, ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠీ గోకుల్ చాట్‌లో పేలుళ్లు. ఆగస్టులో నలభై మందికి పైగా పోయారు. సాయంత్రం సరదాగా చాట్ తినడానికొచ్చిన మనుషులు వాళ్లు. తర్వాత అరెస్టుల భయం మా ఇళ్లలో ఇంకో రకంగా దూరింది. "జా, జల్దీ ఆ" అన్న దాదీలే "నక్కో జా" అన్నారు.

పదేళ్ల తర్వాత, 2017 నవంబర్ 28న మెట్రో వచ్చింది. నాగోల్, ఉప్పల్, స్టేడియం, ఎన్జీఆర్ఐ, హబ్సిగూడ. చల్లని రైలు, మాషా అల్లా. కానీ అది సికింద్రాబాద్, బేగంపేట మీదుగా అమీర్‌పేటకు, తర్వాత హైటెక్ సిటీకి పోతుంది. కోఠీ దాని దారిలో లేదు. సుల్తాన్ బజార్ పోవాలంటే పరేడ్ గ్రౌండ్‌లో ఇంకో రైలు మారాలి. ఆ లైను 2020 ఫిబ్రవరిలో మొదలైంది. దాని కోసం సుల్తాన్ బజార్ దుకాణదార్లు ఏళ్ల తరబడి కొట్లాడారు. ఇప్పుడు బజార్ మీద పిల్లర్ల నీడ. మా పిల్లలకు పట్నం దిక్కే మారిపోయింది. వాళ్లకు పట్నమంటే ఆఫీసు.

నేనూ మా బేగం ఇద్దరం మూడు గదుల ఫ్లాట్‌లో ఉంటాం. తన్హాయీకి కొదవ లేదు. సామాన్ ఫోన్‌లో నొక్కితే గుమ్మం ముందుకొస్తుంది. మ్యాచింగ్ బ్లౌజు గుడ్డ కూడా. అమ్మీకి గదులు లేవు, బహానా ఉండేది. మాకు గదులున్నాయి, బహానా పోయింది. ఒకే సోఫాలో చెరో ఫోన్ పట్టుకుని కూర్చున్న ఇద్దరిని చూస్తే, ఇల్లు పెద్దదైనంత మాత్రాన మాటలు పెరగవని అర్థమవుతుంది.

అలాగని పాత జమానా అంతా బంగారమని నేననను. గల్లీలో నాలుగడుగుల దూరం అమ్మీ కోరుకుని తీసుకున్నది కాదు. నవ్వడానికి ఆమె ఒక బస్సు ఎక్కాల్సి రావడం ఇన్సాఫ్ కాదు. మా బేగం నా పక్కనే నడుస్తుంది. మా గల్లీలోనే, అందరి ముందే. ఆ హక్కు మాకు ఆలస్యంగా దక్కింది. కానీ నడవడానికి చోటేది?

నాచారం నుంచి ఉప్పల్ చౌరస్తా దాకా ఓ సాయంత్రం నడిచి చూడండి. ఫుట్‌పాత్ ఉన్నచోట బండ్లు, లేనిచోట మోరీ. మియాబీవీ ముందొకరు వెనకొకరుగా నడవాల్సిందే. అబ్బా నాలుగడుగులు ముందు నడిచిన రివాజును ఇప్పుడు రోడ్డే మాతో చేయిస్తోంది. జనం ఊరుకోరు గనక తమకు దొరికినచోట తమ డౌన్‌టౌన్ తయారు చేసుకుంటున్నారు. 2019లో తెరిచిన ఉప్పల్ శిల్పారామంలో సాయంత్రాలు కొత్త జంటలు కనిపిస్తాయి. 2023లో చౌరస్తా మీద కట్టిన స్కైవాక్ రోడ్డు దాటడానికే అయినా, రెయిలింగ్ పట్టుకుని కింద ట్రాఫిక్ చూస్తూ నిలబడే ఇద్దరు అక్కడ ఎప్పుడూ ఉంటారు. స్టేడియంలో మ్యాచ్ ఉన్న రాత్రి నలుగురు పిల్లలతో వచ్చి బయటే మొక్కజొన్న కంకి తిని పోయే కుటుంబాలు ఉంటాయి. యాభై ఏళ్ల తర్వాత వీళ్ల పిల్లలు యాద్ చేసుకునేది ఇవే.

షహర్ ఎంత పెద్దదైందని అడిగితే ఫ్లైఓవర్లు లెక్కపెట్టి చెప్తారు. నన్నడిగితే ఇంకో కొలత ఉంది: ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ నడిచే బాట ఎన్ని గజాలుంది, కాళ్లు నొప్పెడితే కూర్చునే బల్లలు ఎన్ని ఉన్నాయి. నూరేళ్ల కింద వరదలో మునిగి లేచిన షహర్ పత్తర్‌గట్టిలో కమాన్‌ల కింద నీడ ఇవ్వగలిగింది. మా ఉప్పల్, నాచారం మియాబీవీలు అడిగేది కూడా అంతే నీడ, అంత వెడల్పు. బహానా మేం వెతుక్కుంటాం.