హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: శాంతి ఊరేగింపులు, నిరసన హక్కు

శాంతియుతంగా ఊరేగి తమ కోరికను ప్రభుత్వానికి వినిపించడం ఈ మూడు పట్టణాల ప్రజాజీవితంలో పాతుకుపోయిన పద్ధతి. 1565 తర్వాత పెనుకొండ విజయనగర రాజధాని అయిన నాటి నుంచి శతాబ్దాల పాటు పాలకుడికి మొరపెట్టుకోవడమే తప్ప హక్కుగా అడిగే వీలు లేదు. 1861 పోలీసు చట్టం 30వ సెక్షన్ ఊరేగింపులను లైసెన్సుతో అదుపు చేసే అధికారాన్ని పోలీసులకిచ్చింది. ఆ బ్రిటిష్ పాలనలోనే హిందూపురం ప్రాంత నాయకుడు కల్లూరు సుబ్బారావు జాతీయోద్యమంలో జైలుకు వెళ్లారు. 1950లో రాజ్యాంగం 19వ అధికరణం ఆయుధాలు లేకుండా, శాంతియుతంగా గుమికూడే స్వేచ్ఛను పౌరులకిచ్చింది. ప్రజాశాంతి వంటి కారణాలతో సహేతుకమైన ఆంక్షలకూ చోటుంచింది.

ఈ హక్కు విలువ 2022లో బాగా తెలిసొచ్చింది. ఆ జనవరిలో జిల్లాల పునర్విభజన ముసాయిదా పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లాను ప్రతిపాదించి, అభ్యంతరాలకు 30 రోజుల గడువిచ్చింది. లోక్‌సభ నియోజకవర్గానికి పేరిచ్చిన తమ పట్టణమే కేంద్రం కావాలని హిందూపురం వీధుల్లోకి వచ్చింది. ఫిబ్రవరి 4న ఎమ్మెల్యే నందమూరి బాలకృష్ణ ర్యాలీ జరిపి, మౌనదీక్షకు కూర్చున్నారు. ధర్మవరంలో రెవెన్యూ డివిజన్‌ను నిలపాలంటూ ఆందోళన సాగింది. ఏప్రిల్ 4న జిల్లా పుట్టపర్తి కేంద్రంగానే ఏర్పడింది. ధర్మవరం నేటికీ డివిజన్ కేంద్రమే. హిందూపురం కోరిక నెరవేరనంత మాత్రాన అక్కడి నిరసన వృథా అనలేం. అభ్యంతరాలు చెప్పమని ప్రభుత్వమే అడిగినప్పుడు, కాగితం మీది అర్జీ వెనక ఎంతమంది ఉన్నారో చూపేది ఊరేగింపే.

రోడ్డు మీద ఊరేగితే రాకపోకలు ఆగుతాయని, ప్రాణాలకే ముప్పని ఒక అభ్యంతరం. ఇది కొట్టిపారేయదగ్గది కాదు. 2022 డిసెంబరు 28న కందుకూరు రాజకీయ సభలో జరిగిన తొక్కిసలాటలో ఎనిమిది మంది, మరో నాలుగు రోజులకే గుంటూరులో ముగ్గురు చనిపోయారు. దాంతో రోడ్లపై సభలను కట్టడి చేస్తూ 2023 జనవరి 2న ప్రభుత్వం జీవో 1 ఇచ్చింది. మే 12న హైకోర్టు దాన్ని కొట్టివేసింది. వీధుల్లో సభలను క్రమబద్ధం చేయవచ్చు గానీ అనుమతి ఇవ్వడానికి పోలీసులకు హద్దుల్లేని విచక్షణ ఉండకూడదని హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. దారిని నిరవధికంగా ఆక్రమించడం తగదని 2020లో షాహీన్‌బాగ్ నిరసన కేసులో అదే కోర్టు తీర్పిచ్చింది. రెంటినీ కలిపి చదివితే న్యాయమైన పద్ధతి కనబడుతుంది: దారి, వేళ ముందే తెలిపి, అంబులెన్సుకు తోవ విడిచి నడవడం ప్రజల బాధ్యత, అనుమతి నిరాకరిస్తే కారణం రాసి, కోర్టుకు వెళ్లే వ్యవధి మిగిలేలా చెప్పడం పోలీసుల బాధ్యత.