పసిపిల్లల ఊహలో తిండి కలుషితం, జబ్బు

తిండికి ఏదైనా సోకితే అది తినరానిదవుతుందని, తింటే జబ్బు చేస్తుందని చిన్నపిల్లలు ఏ వయసులో గ్రహిస్తారు, కారణం ఏమని చెబుతారు అన్నది పిల్లల మనస్తత్వశాస్త్రంలో ఒక అధ్యయనాంశం. తెలుగు ఇళ్లలో ఈ ఎరుకకు పునాది బడి కన్నా ముందే, ఎంగిలి పట్టింపుతో పడుతుంది.

తప్పు చేస్తే శిక్ష దానంతటదే వచ్చి పడుతుందని పిల్లలు నమ్ముతారని మనస్తత్వవేత్త జాన్ పియాజే 1932లో రాశాడు. అమ్మ వద్దన్నది తిన్నందుకే కడుపునొప్పి వచ్చిందనే జవాబు ఈ కోవలోదే. ఫాలన్, రోజిన్, ప్లైనర్ 1984లో చేసిన అధ్యయనం ప్రకారం, పురుగును తీసేశాక కూడా పానీయం చెడినట్టేనన్న భావన చిన్నపిల్లల్లో బలంగా ఉండదు. సీగల్, షేర్ 1990లో దీన్ని కాదన్నారు: బొద్దింక పడిన రసం, దాన్ని తీసేసినా, తాగకూడదని మూడేళ్ల పిల్లల్లో చాలామంది చెప్పగలిగారు. అయితే ఆ పిల్లలకు సూక్ష్మజీవుల సంగతి తెలుసని దీనర్థం కాదు. సూక్ష్మజీవినీ విషాన్నీ బడి ఈడుకు ముందటి పిల్లలు వేరుగా చూడరని సాలమన్, కసిమాటిస్ 1999లో చూపారు. క్రిమి ప్రాణమున్నదని, ఒంట్లో పెరుగుతుందని వాళ్లకు తోచదు.

హేజ్మడీ, రోజిన్, సీగల్ 2004లో అమెరికా పిల్లలనూ భారతీయ హిందూ పిల్లలనూ పోల్చారు. సోకిన పానీయాన్ని భారతీయ పిల్లలే గట్టిగా కాదన్నారు.

తాకితే సోకుతుందన్న ఈ పట్టింపుకు మన ఊళ్ల ఉదాహరణ కాకెంగిలి. పిల్లలు జామకాయనో బిళ్లనో చొక్కా అంచులో చుట్టి, పైనుంచి కొరికి పంచుకుంటారు. మధ్యలో గుడ్డ ఉంది గనుక ఎంగిలి కాలేదంటారు. గుడ్డ ఉమ్మిని పూర్తిగా ఆపదు, చొక్కా మురికి ఎవరికీ పట్టదు. కానీ తాకిడి వల్లే సోకుతుందని, అడ్డు పెడితే సోకదని కనిపెట్టిన ఆ ఆలోచన నిజంగా మెచ్చుకోదగ్గది. దానికి అందనిది కాలం. ఎవరూ ముట్టని అన్నం గిన్నెలో గంటల తరబడి ఉన్నా వాళ్ల లెక్కలో మంచిదే. వండినా చావని బాసిల్లస్ సీరియస్ బీజాలు ఆ గిన్నెలోనే మొలిచి వృద్ధి చెందుతాయి. వాంతులు తెప్పించే వాటి విషం మళ్లీ వేడిచేసినా పోదు.

రెండో చిక్కు కంటిచూపు. నంద్యాలకు దగ్గర్లో, నల్లమల పాదాన ఉన్న మహానంది కోనేటి ఊటనీరు అడుగు కనిపించేంత తేట. అంత తేటనీటిని పిల్లలు మంచినీళ్లే అనుకోవడం సహజం. టైఫాయిడ్ క్రిమి గానీ కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ వైరస్ గానీ నీటి రంగు మార్చవు. కరిగిన చక్కెర కనిపించకపోయినా తీపి ఉంటుందని పిల్లలకు తెలుసు గనుక, కనిపించని క్రిమిని అక్కణ్నుంచి పరిచయం చేయడం మేలు.

పిల్లలు కారణం చెప్పలేకపోయినా తేడా పసిగడతారు. 2013 జులై 16న బీహార్‌లోని గండామన్ బడిలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. కూర రుచి బాగాలేదని పిల్లలు చెప్పినట్టు అప్పటి వార్తల్లో వచ్చింది. వడ్డించే ముందు కనీసం ఒక ఉపాధ్యాయుడు రుచి చూడాలన్నది మధ్యాహ్న భోజన పథకం నిబంధన. రుచి మారిందని పిల్లలు అన్నప్పుడు వడ్డన ఆపడం కూడా అంతే అవసరం.