బ్రేకు అందేలోపు

తెల్లవారుజామున ఐదు కావస్తోంది. హైదరాబాద్‌లో నాచారం మెయిన్ రోడ్డు. నైట్ షిఫ్టు దిగినవాళ్లు టీ బండి చుట్టూ మూగి ఉన్నారు. మీరు బాటిల్లో నీళ్లు పోసుకుంటుంటే ఒకతను గ్లాసుతోనే దగ్గరికొచ్చి మీ సైకిల్ హ్యాండిల్ మీద చెయ్యేస్తాడు. వంకీ హ్యాండిల్ మధ్యలోంచి రెండు పైపులు కొమ్ముల్లా ముందుకు పొడుచుకొచ్చాయి మరి. వాటి వెనక మోచేతులు ఆనించడానికి చిన్న ప్యాడ్లు.

“గిదేందన్నా?”

“ఏరోబార్. వంగి తొక్కడానికి.”

“ఎంత వడ్డది?”

మన ఊళ్లో మూడో ప్రశ్న దాకా ఆగరు. కొన్ని వేలని చెబుతారు. “రెండు పైపులకా!” అని అతను నవ్వుతుంటే, ఫోన్‌లో కార్టులో కూర్చున్న కార్బన్ హ్యాండిల్ సంగతి మీరు ఎత్తరు. అది లక్ష దాటింది.

హబ్సిగూడ చౌరస్తాలో ఎడమకు తిరగ్గానే రోడ్డు వెడల్పవుతుంది. నెత్తి మీద మెట్రో లైను. ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్ దాటారు. ట్రాఫిక్ లేదు. ఎడమ మోచేయి ప్యాడ్ మీద పెట్టండి, తర్వాత కుడిది. ముందు చక్రం క్షణంపాటు వణుకుతుంది. బిగుసుకోకండి. భుజాలు దగ్గరికి లాక్కుని తల దించండి. చెవుల్లో హోరు తగ్గిందా? కాళ్లు ఇందాకటిలాగే తిరుగుతున్నాయి. మీటర్‌లో గంటకు 30 కిలోమీటర్లు కాస్తా 32 అయింది.

ఆ రెండూ గాలి దగ్గర మిగిలినవి. చదును రోడ్డు మీద 30 దాటాక మీ కష్టంలో సింహభాగం గాలిని తోయడానికే పోతుంది. ఆ గాలికి సైకిల్ కంటే ఎక్కువగా అడ్డం పడేది మీ ఛాతీ, మీ భుజాలు. వాటిని ఇప్పుడు పక్కకు తప్పించారు, అంతే.

స్టేడియం స్టేషన్ వెళ్లిపోయింది. ఉప్పల్ రింగ్ రోడ్డు వస్తోంది, లేవండి. చేతులు బ్రేకుల మీదికి. 2023లో తెరిచిన స్కైవాక్ పైన ఖాళీగానే ఉంది కానీ, కింద అప్పుడే వరంగల్, యాదగిరిగుట్ట బస్సుల కోసం జనం సంచులతో రోడ్డు మీదికే వచ్చేశారు. మెట్రో కుడికి, నాగోల్ వైపు తిరిగిపోతుంది. మీరు తిన్నగా వెళ్లాలి.

ఇక్కడి నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్. 2018లో మొదలైన పని. రోడ్డు మధ్యలో వరసగా స్తంభాలు, వాటి పక్కన ప్యాచ్ మీద ప్యాచ్ వేసిన తారు. ఒక చోట నున్నగా కనిపిస్తుంది. సగటు 30 దగ్గర ఆగి ఉంది. వంగితే పెరుగుతుంది. వంగుతారా?

వంగారు.

వంద మీటర్లు హాయిగా సాగింది. వెనక బస్సు హారన్ కొట్టింది. ముందు ఒక ఆటో. ఎవరో చెయ్యెత్తారు. ఆటో ఆగింది, రోడ్డు మధ్యలోనే. ఎడమన కంకర. కుడిన బస్సు. బ్రేకు నొక్కాలి. వేళ్ల కింద బ్రేకు లేదు. ఉన్నది పైపు. బ్రేకులు వెనక, హ్యాండిల్ మీద. ముందు చెయ్యి తియ్యాలి. 32 అంటే సెకనుకు దాదాపు తొమ్మిది మీటర్లు. కుడి చెయ్యి తీశారు. గుంట. ప్యాడ్ కిందికి జారింది. చక్రం వంకర తిరిగింది. ఎడమ చెయ్యి. దొరికింది. నొక్కండి. మెల్లగా. ఇంకా. ఆటో వెనక బంపర్‌కు జానెడు దూరంలో ఆగారు. బస్సు దుమ్ము కొట్టి వెళ్లిపోయింది.

బోడుప్పల్ దగ్గర పక్కకు ఆగండి. చేతులు వణుకుతున్నాయి, వణకనివ్వండి. ఆలెన్ కీ తీసి జారిన ప్యాడ్ కింది బోల్టు చూడండి. ఎంత బిగించాలో పక్కన సన్నటి అక్షరాల్లో రాసే ఉంటుంది. ఇంట్లో బిగించేటప్పుడు ఎవరూ చదవరు.

ఫోన్ కూడా తీశారుగా, లెక్క చూద్దాం. లక్ష పెట్టి కొన్నా బ్రేకులు ఉండేది ఇంకో చోటే. పెద్ద హ్యాండిల్ చివర్లలో. గేర్లు మాత్రం పైపుల చివరికి వస్తాయి. అంటే మీ దగ్గరున్న గేరు-బ్రేకు లీవర్లు పనికిరావు, కొత్తవి కొనాలి. కేబుళ్లన్నీ మళ్లీ లాగించాలి. కార్టులో కనిపించని ఖర్చు ఇది. విమానంలో గోవా తీసుకెళ్లడానికి పెట్టెలో సర్దేటప్పుడు అదే హ్యాండిల్ ఇంకోసారి చుక్కలు చూపిస్తుంది.

గోవా ఎందుకంటే, మీ గురి ఐరన్‌మ్యాన్ 70.3 మీద. అక్కడ 2019లో మొదలైంది. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. ముందున్నవాళ్ల వెనక దాక్కోవడం కుదరదు, 12 మీటర్లు వదలాలి. గాలంతా మీదే. మీలా 30 నుంచి 32కు చేరేవాళ్లకు వేలల్లో వచ్చే పైపుల మీద బాగా వంగి తొక్కితే ఆ 90 కిలోమీటర్లలో సుమారు పదకొండు నిమిషాలు మిగులుతాయి. దాని మీద కార్బన్ హ్యాండిల్ కలిపేది ఒక నిమిషం అటూ ఇటూ. నా లెక్క ఇది, మనిషిని బట్టి మారుతుంది.

ఒక నిమిషం తక్కువా అంటారా? 1989 టూర్ డి ఫ్రాన్స్ ఆఖరి రోజున గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనకబడి ఉన్నాడు. ఇలాంటి పైపులే బిగించుకుని వెర్సాయ్ నుంచి పారిస్ దాకా 24.5 కిలోమీటర్లు తొక్కి, లోరాన్ ఫిన్యోన్‌ను మొత్తం మీద 8 సెకన్ల తేడాతో ఓడించాడు. ఫిన్యోన్‌కు ఆ పైపులు లేవు. లెమాండ్‌కు కలిసొచ్చింది ఆ వంగిన భంగిమ. కార్బన్ హ్యాండిల్ కాదు.

ఘట్‌కేసర్ చేరారు. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లనే రానివ్వరు, మనకు దిక్కు పక్కనున్న సర్వీస్ రోడ్డే. ఎండ ఇంకా ముదరలేదు. వాహనాలు పలచగా ఉన్నాయి. ఇప్పుడు వంగండి. పది నిమిషాలు బాగుంటుంది. ఇరవయ్యో నిమిషంలో మెడ లాగుతుంది. చెమటకు ప్యాడ్ మీది స్పాంజి తడిసి మోచేయి జారుతుంది. సీటు మీద ముందుకు జరగాలనిపిస్తుంది, తొడ పైకొచ్చి పొట్టను నొక్కుతుంది. అరగంటకు లేచి కూర్చున్నారు. లేచిన క్షణం నుంచీ ఆ లక్షా గాలికే.

కాబట్టి కార్టు ఖాళీ చెయ్యండి. సీటు కాస్త ముందుకు, ప్యాడ్లు కాస్త దగ్గరికి జరిపించుకోండి. ఫిట్టింగ్ తెలిసినవాళ్ల దగ్గర ఒక పూట కూర్చోండి, ఆ డబ్బు దండగ కాదు. గంటన్నర లేవకుండా వంగి తొక్కగలిగాక, ఇంకో నిమిషం కోసం నిజంగా మనసు లాగితే, అప్పుడు కొనుక్కోండి. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి నారపల్లి దాకా మాత్రం ఏ హ్యాండిల్ ఉన్నా సరే, చేతులు బ్రేకుల మీదే ఉంచండి.